నదులు తెచ్చేది ఒకటి, సముద్రంలో నిలిచేది మరొకటి

పాఠకులారా, మీరు తెలుగు మాధ్యమంలో చదువుకున్నా, ఒడియాలోనో తమిళంలోనో చదువుకున్నా, సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందన్న ప్రశ్నకు మీకు నేర్పిన సమాధానం దాదాపు ఒక్కటే అయి ఉంటుంది. నదులు కొండలనూ నేలనూ ఒరుసుకొని ప్రవహిస్తూ వాటిలోని లవణాలను కరిగించి సముద్రానికి చేరుస్తాయి. ఎండకు నీరు మాత్రమే ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. నేను కూడా ఈ మాటలనే చాలా ఏళ్ళపాటు నల్లబల్ల మీద వ్రాశాను. పిల్లలచేత వ్రాయించాను. పరీక్షలో ఆ మాటలకే మార్కులు వేశాను.

ఒక సంవత్సరం మా పిల్లలను గంజాం దగ్గరి హుమ్మా ఉప్పుమడులు చూపడానికి తీసుకువెళ్ళాను. ఆ ప్రాంతంలోనే ఋషికుల్యా నది సముద్రంలో కలుస్తుంది. నదీ, సముద్రమూ, ఉప్పు కుప్పలూ మూడూ ఒకే ప్రయాణంలో చూడవచ్చునని నా ఆలోచన. పాఠం కళ్ళకు కట్టినట్టు ఉంటుందనుకున్నాను. అక్కడ ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు నా చెయ్యి పట్టుకొని, "మాస్టారూ, నదిలో ఉప్పే సముద్రంలోకి వస్తే నది నీళ్ళు మరగబెట్టినా ఇదే ఉప్పు రావాలి గదా? మా అమ్మ నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పడుతుంది గానీ అది ఉప్పగా ఉండదే!" అన్నాడు.

నేను ఆనాడు ఏదో చెప్పి దాటవేశాను. సముద్రంలో చాలాకాలం నిలవ ఉండి అలా మారుతుందన్నాననుకుంటాను. అది సమాధానం కాదని చెబుతున్నప్పుడే నాకు తెలుసు. వాడి ప్రశ్నకు సమాధానం వెదుకుతూ నేను చదివినదంతా ఇక్కడ మీతో పంచుకుంటున్నాను. ఆ ప్రశ్న శాస్త్ర చరిత్రలో చిన్నదేమీ కాదని, దానిని తేల్చడానికి ఐరోపా రసాయనవేత్తలకు సుమారు రెండు వందల ఏళ్ళు పట్టిందని ఆ తరువాత గాని నాకు తెలియలేదు.

ముందుగా ఆ పిల్లవాడి గిన్నెలోకి తొంగి చూద్దాం. ప్రపంచంలోని నదుల సగటు తీసుకుంటే, ఒక లీటరు నదీజలంలో కరిగి ఉన్న పదార్థం సుమారు 120 మిల్లీగ్రాములు. అందులో దాదాపు సగం, అంటే 58 మిల్లీగ్రాములు, బైకార్బొనేటు. కాల్షియం 15, సిలికా 13, సల్ఫేటు 11. మనం వంటలో వేసుకునే ఉప్పులోని రెండు భాగాలైన క్లోరైడు, సోడియం ఎనిమిది, ఆరు మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే ఉంటాయి. నదీజలాన్ని కాచితే మొదట మిగిలేది ప్రధానంగా సున్నపు పదార్థమే. ఇప్పుడు ఒక కిలో సముద్రజలం తీసుకోండి. అందులో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. క్లోరైడు 19.35 గ్రాములు, సోడియం 10.78 గ్రాములు. ఈ రెండే వంద పాళ్ళలో 86 పాళ్ళు. సల్ఫేటు 2.71, మెగ్నీషియం 1.28, కాల్షియం 0.41, పొటాషియం 0.40 గ్రాములు. నదిలో సగం ఆక్రమించిన బైకార్బొనేటు ఇక్కడ గ్రాములో పదోవంతు మాత్రమే.

నదిలో కాల్షియం సోడియానికి రెండింతలకు మించి ఉంటే, సముద్రంలో సోడియమే కాల్షియానికి ఇరవై ఆరింతలున్నది. నదీజలాన్ని ఎంతకాలం ఎండబెట్టినా సముద్రం తయారు కాదన్న మాట. పిల్లవాడే గెలిచాడు.

సముద్రపు ఉప్పదనం గురించిన ఆలోచన చాలా పాతది. మన పురాణాలు జంబూద్వీపాన్ని చుట్టి ఉన్న సముద్రానికి లవణసముద్రమనే పేరు పెట్టాయి. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ సముద్రజలం ఆవిరై తిరిగి నీరైతే అది ఉప్పగా ఉండదని గుర్తించాడు. అయితే ఉప్పు సముద్రం పైభాగంలోనే ఎక్కువగా ఉంటుందన్న అభిప్రాయం అతని పేరుతో చాలాకాలం నిలిచిపోయింది. ఆ అభిప్రాయాన్ని పరీక్షకు పెట్టినవాడు రాబర్ట్ బాయిల్. 1670 దశకంలో సముద్రపు ఉప్పదనంపై ప్రచురించిన రచనలో, లోతునుండి తెచ్చిన నీరు కూడా ఉప్పగానే ఉంటుందని చూపాడు. నీటిలో ఏ కొంచెం ఉప్పున్నా కనిపెట్టడానికి వెండి ద్రావణాన్ని వాడాడు. సిల్వర్ నైట్రేటు చుక్క పడగానే ఉప్పునీరు పాలవలె తెల్లబడుతుంది. బాయిల్ చేతిలోని ఈ చుక్కను గుర్తుంచుకోండి, ఇది ఈ కథలో మూడు శతాబ్దాలపాటు నడుస్తుంది.

తోకచుక్క పేరుతో మనకు పరిచితుడైన ఎడ్మండ్ హేలీ 1715లో మరొక అడుగు వేశాడు. నదులు లవణాన్ని తెస్తూ ఉంటే, నీరు మాత్రమే ఆవిరవుతూ ఉంటే, సముద్రం ఏటేటా మరింత ఉప్పగా మారాలి. ఇప్పటి ఉప్పదనాన్ని కొలిచి, కొన్ని వందల ఏళ్ళ తరువాత మళ్ళీ కొలిస్తే, ఆ తేడానుబట్టి ప్రపంచం వయస్సు చెప్పవచ్చునని అతని సూచన. రెండు వేల ఏళ్ళ క్రితపు గ్రీకులు, రోమనులు తమ కాలపు సముద్రం ఎంత ఉప్పగా ఉండేదో వ్రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేదని విచారించాడు కూడా. మన పాఠ్యపుస్తకంలోని సమాధానం సారాంశంలో హేలీదే. మూడు వందల ఏళ్ళుగా మనం దానిని మార్చకుండా అప్పగిస్తున్నాం.

ఆ తరువాత ఫ్రాన్సులో లవోయిజియే వంటివారు సముద్రజలాన్ని ఎండబెట్టి ఏయే లవణాలు వస్తున్నాయో తూచి చూశారు. అయితే ఒక్కొక్కరికి ఒక్కొక్క జాబితా వచ్చేది. ఎందుకో 1818లో ఎడిన్‌బరోకు చెందిన జాన్ మర్రే విడమరిచి చెప్పాడు. ఎండబెట్టే పద్ధతి మారితే వచ్చే లవణాలు కూడా మారుతాయి. మెగ్నీషియం ఒకసారి క్లోరిన్‌తో జతకట్టి వస్తుంది, మరొకసారి సల్ఫేటుతో. గిన్నెలో మిగిలిన లవణాలే అదే రూపంలో నీటిలో ఉండేవని చెప్పలేము. అందువల్ల ఒక్కొక్క ఆమ్లభాగాన్నీ ఒక్కొక్క క్షారభాగాన్నీ విడివిడిగా కొలవడమే సరైన పద్ధతి. లవణాలు నీటిలో అయానులుగా విడిపోయి ఉంటాయన్న అర్రీనియస్ సిద్ధాంతం 1880 దశకంలో గాని రాలేదు. మర్రే అంతకు ఏడు దశాబ్దాల ముందే ఆచరణలో అక్కడికి చేరాడు.

మరుసటి సంవత్సరం, 1819లో, లండన్ వైద్యుడు అలెగ్జాండర్ మార్సెట్ ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. జెనీవాలో పుట్టిన ఈయనకు రసాయనశాస్త్రం మీద మక్కువ ఎక్కువ. ఉత్తరధ్రువ ప్రాంతం, అట్లాంటిక్, మధ్యధరా, నల్ల సముద్రం, బాల్టిక్, చైనా తీరం ఇలా పలు చోట్లనుండి నౌకలవారు తెచ్చి ఇచ్చిన నీటిని పరీక్షించాడు. కొన్ని చాలా ఉప్పగా ఉన్నాయి, కొన్ని చప్పగా ఉన్నాయి. కాని వాటిలోని పదార్థాలు ఒక్కటే. అంతేకాదు, ఆ పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసిన పాళ్ళు కూడా దాదాపు ఒక్కటే.

ఈ విషయాన్ని నేను పిల్లలకు పులుసుతో పోల్చి చెబుతాను. ఒకే కుండలోని పులుసును రెండు గిన్నెలలో పోయండి. ఒకదానిలో చెంబెడు నీళ్ళు కలపండి, మరొకదానిని సగానికి మరిగించండి. మొదటిది చప్పబడుతుంది, రెండవది చిక్కబడుతుంది. కాని ఉప్పుకూ పులుపుకూ కారానికీ మధ్య పాళ్ళు రెండు గిన్నెలలోనూ మారవు. వాన, మంచు, నదులు, ఎండ సముద్రానికి చేసేది ఈ రెండు పనులే. ఎక్కడో ఒకచోట నీళ్ళు కలుస్తాయి, మరొకచోట ఇంకిపోతాయి. ప్రపంచమంతటా ఉన్నది ఒకే పులుసు. ఇందుకు లోబడనిది మృత సముద్రం. దాని నీటిని మార్సెట్ 1807లోనే పరీక్షించి ఉన్నాడు. పేరుకు సముద్రమైనా అది మహాసముద్రంతో సంబంధం లేని సరస్సు, దాని పులుసు వేరు, అందులో మెగ్నీషియానిది పైచేయి.

ఉపాధ్యాయులైన పాఠకుల కోసం ఒక చిన్న విషయం. ఈ మార్సెట్ భార్య జేన్ మార్సెట్. ఒక ఉపాధ్యాయురాలికీ ఇద్దరు బాలికలకూ మధ్య సంభాషణల రూపంలో 1806లో ఆమె వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథాన్ని పుస్తకాలకు అట్టలు కట్టే పనిలో ఉన్న ఒక కుర్రవాడు చదివి, ఆ శాస్త్రంలోకి వచ్చాడు. ఆయన మైఖేల్ ఫారడే. భర్త చెప్పిన సూత్రంకన్నా భార్య వ్రాసిన పాఠమే ఎక్కువ దూరం ప్రయాణించిందేమో అనిపిస్తుంది నాకు.

ఆ కాలంలోనే సముద్రంనుండి కొత్త మూలకాలు కూడా బయటపడ్డాయి. 1811లో కూర్త్వా సముద్రపు నాచు బూడిదనుండి అయొడిన్‌ను, 1826లో ఇరవై మూడేళ్ళ బలార్ మోంపెల్యే ఉప్పుమడుల చేదునీటినుండి బ్రోమిన్‌ను కనుగొన్నారు. కాని మన ప్రశ్నకు నిజమైన సమాధానం వచ్చినది డెన్మార్కునుండి.

యోహాన్ గియోర్గ్ ఫోర్క్‌హామర్ కోపెన్‌హేగన్‌లో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. ఆయన స్వయంగా ప్రపంచం చుట్టి రాలేదు. కోపెన్‌హేగన్ రేవునుండి బయలుదేరే నౌకల అధికారులకు సీసాలిచ్చి, వెళ్ళినచోటునుండి సముద్రజలం పట్టి తెమ్మని కోరేవాడు. ఇలా ఇంచుమించు ఇరవై ఏళ్ళు గడిచాయి. వందలాది నమూనాలు పోగయ్యాయి. 1865లో, తాను మరణించిన సంవత్సరమే, ఆ ఫలితాలన్నీ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. క్లోరిన్ ఎంతో తెలిస్తే దానిని సుమారు 1.81తో గుణించి మొత్తం లవణాలెంతో చెప్పవచ్చునని చూపాడు. నీటిలో అతి స్వల్పంగా ఉన్న లోహాలను పట్టుకోవడానికి ఆయన నేరుగా నీటిని కాక, నాచునూ పగడాలనూ కాల్చిన బూడిదను పరీక్షించాడు. సముద్రంలో చెదిరి ఉన్నదానిని ప్రాణులు కూడబెడతాయని ఆయనకు తెలుసు.

ఆ పత్రంలోనే మా పిల్లవాడి ప్రశ్నకు సమాధానమున్నది. సముద్రంలో ఒక మూలకం ఎంత ఉన్నదనేది నదులు దానిని ఎంత తెస్తున్నాయన్న దానిని బట్టి ఉండదు. సముద్రంలో జరిగే రసాయన చర్యలూ అక్కడి ప్రాణులూ దానిని ఎంత తేలికగా కరగని పదార్థంగా మార్చివేస్తాయో, దానికి విలోమంగా ఉంటుంది. నదులు కాల్షియాన్ని మోసుకువస్తాయి, గుల్లలూ నత్తలూ పగడాలూ కంటికి కనబడని సూక్ష్మజీవులూ దానిని తీసుకొని ఇల్లు కట్టుకుంటాయి. సిలికాను డయాటములు తీసుకుంటాయి. సోడియం, క్లోరిన్ మాత్రం ఎవరికీ అంతగా అక్కరలేదు. అందుకే అవి మిగిలిపోయాయి. సముద్రపు ఉప్పు అంటే ఎవరూ వాడుకోని శేషమన్న మాట! 1865నాటికే ఈ మాట అచ్చయి ఉంటే, మన పుస్తకాలు మాత్రం 1715 దగ్గరే ఎందుకు ఆగిపోయాయో నాకు అర్థం కాదు.

ఫోర్క్‌హామర్ దగ్గర ఉన్నది ఎక్కువగా ఉపరితల జలం. లోతుల సంగతి తేల్చినది చాలెంజర్ యాత్ర. 1872 డిసెంబరులో ఇంగ్లండు తీరం వదిలిన ఈ నౌక 1876 మేలో తిరిగివచ్చింది. శాస్త్రజ్ఞుల బృందానికి నాయకుడు చార్లెస్ వైవిల్ థామ్సన్, రసాయనవేత్త జాన్ యంగ్ బుకానన్. ఈ బుకానన్ నౌక మీద చేసిన ఒక పని గురించి కొంచెం ఆగి చెప్పాలి.

1857లో అట్లాంటిక్ తంతి తీగ వేయడానికి సముద్రపు లోతు కొలుస్తూ బ్రిటిష్ నౌకవారు అడుగు బురదను తీసి, చెడిపోకుండా ఆల్కహాలులో భద్రపరిచారు. 1868లో జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ఆ సీసాలను తీసి చూడగా బురదలో జిగురువంటి పదార్థమొకటి కనిపించింది. అది ప్రాణమున్న ఆదిమ పదార్థమని, సముద్రగర్భమంతా పరుచుకొని ఉంటుందని భావించి, జర్మన్ శాస్త్రవేత్త హెకెల్ గౌరవార్థం దానికి బాతీబియస్ హెకెలీ అని నామకరణం చేశాడు. జీవం ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు సమాధానం దొరికిందని కొందరు సంబరపడ్డారు. చాలెంజర్ మీది వారు బురద తీసిన ప్రతిసారీ దానికోసం వెదికారు. తాజా బురదలో అది ఒక్కసారి కూడా కనిపించలేదు. ఆల్కహాలులో ఉంచిన బురదలో మాత్రమే కనిపించేది! బుకానన్ సముద్రజలంలో గాఢమైన ఆల్కహాలు కలిపి చూశాడు. జిగురులాంటి అవక్షేపం ఏర్పడింది. పరీక్షిస్తే అది కాల్షియం సల్ఫేటు, అంటే జిప్సం జాతి పదార్థం. ఆదిమ జీవమనుకున్నది సముద్రంలో కరిగి ఉన్న లవణమే! 1875లో థామ్సన్ ఈ సంగతి హక్స్‌లీకి వ్రాశాడు. హక్స్‌లీ దాచిపెట్టలేదు, తన పొరపాటును అదే సంవత్సరం పత్రికాముఖంగా ఒప్పుకున్నాడు. తప్పు మార్కులు వేసిన నాబోటివాడికి ఆ ఘట్టం చదువుతుంటే కొంత ధైర్యం కలిగింది.

చాలెంజర్ తెచ్చిన నీటిలో 77 నమూనాలను గ్లాస్గోలో పనిచేస్తున్న జర్మన్ రసాయనవేత్త విలియం డిట్మార్ పూర్తిగా విశ్లేషించాడు. క్లోరిన్, సల్ఫేటు, బ్రోమిన్, సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం పాళ్ళను తేల్చి 1884లో నివేదిక ప్రచురించాడు. మార్సెట్ 1819లో చెప్పినది నిలబడింది. ఏ మహాసముద్రమైనా, ఎంత లోతైనా, పాళ్ళు ఒక్కటే. ఒక్క కాల్షియం మాత్రం లోతుకు పోయినకొద్దీ రవ్వంత ఎక్కువగా ఉన్నట్టు ఆయన గుర్తించాడు. పైన జీవించిన ప్రాణుల గుల్లలు కిందికి రాలి, లోతులో కొంత తిరిగి కరుగుతాయి. ఫోర్క్‌హామర్ చెప్పిన మాటకు ఇది సాక్ష్యం.

పాళ్ళు ఒక్కటేనని తేలినందువల్ల ప్రయోజనమేమిటని మీరు అడగవచ్చు. ఒక్కదానిని కొలిస్తే చాలు, అన్నీ తెలుస్తాయి. తేలికగా, కచ్చితంగా కొలవగలిగినది క్లోరిన్. దానికి సాధనం బాయిల్ నాటి వెండి ద్రావణమే! 1901లో మార్టిన్ క్నుడ్సెన్ ప్రచురించిన పట్టికలతో నావికులూ శాస్త్రజ్ఞులూ ప్రపంచమంతటా ఒకే లెక్క వాడసాగారు. అందరి కొలతలూ సరిపోలడానికి కోపెన్‌హేగన్‌లో ప్రమాణ సముద్రజలాన్ని గాజు గొట్టాలలో మూసి దేశదేశాలకు పంపేవారు.

క్నుడ్సెన్ సూత్రంలో ఒక వింత ఉన్నది. వెయ్యి పాళ్ళ నీటిలో క్లోరిన్ పాళ్ళను 1.805తో గుణించి, దానికి 0.030 కలిపితే లవణీయత వస్తుంది. ఆ 0.030 దేనికి? క్లోరిన్ సున్నా అయినా కొంచెం లవణం మిగులుతుందని దాని అర్థం. సూత్రానికి ఆధారమైన తొమ్మిది నమూనాలలో తక్కువ ఉప్పు ఉన్నవి బాల్టిక్ సముద్రానివి. అక్కడ నదుల నీరు చాలా కలుస్తుంది. ఆ నదులు తెచ్చిన సున్నపు లవణాలే ఆ చిన్న అంకెగా సూత్రంలో ఇరుక్కున్నాయి. మా పిల్లవాడి గిన్నె అడుగు తెల్లని పొర ఒక అంతర్జాతీయ సూత్రంలో అరవై ఏళ్ళకు పైగా కూర్చుని ఉందన్న మాట! 1978 ప్రమాణంతో వెండి ద్రావణం స్థానంలో నీటి విద్యుద్వాహకతను కొలిచే పద్ధతి స్థిరపడింది. 2009లో యునెస్కో సముద్రశాస్త్ర కమిషన్ ఆమోదించిన కొత్త విధానంలో ఒక్కొక్క ప్రాంతంలో పాళ్ళలో వచ్చే సూక్ష్మ భేదాలను కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు.

ఇక హేలీ కోరిక ఏమయింది? 1899లో డబ్లిన్ నగరపు జాన్ జోలీ ఆ లెక్క వేశాడు. సముద్రంలో ఉన్న సోడియం ఎంత, నదులు ఏటా తెచ్చేది ఎంత, మొదటిదానిని రెండవదానితో భాగిస్తే ఎనిమిది, తొమ్మిది కోట్ల ఏళ్ళు వచ్చింది. అదే భూమి వయస్సన్నాడు. తరువాత రేడియోధార్మిక పద్ధతులు భూమి వయస్సు సుమారు 450 కోట్ల ఏళ్ళని తేల్చాయి. జోలీ కూడికలో తప్పు లేదు. సముద్రంలోకి వచ్చిన సోడియం బయటికి పోదనుకోవడమే తప్పు. నిజానికి అది కొంత గాలికి నీటితుంపరలతో నేలకు చేరుతుంది, కొంత ఎండిపోయిన పురాతన సముద్రాల ఉప్పు పొరలలో చిక్కుకుంటుంది, కొంత అడుగు బంకమట్టిలోకీ శిలలలోకీ చేరుతుంది. 1952లో టామ్ బార్త్ ఇదే భాగహారానికి సరైన పేరు పెట్టాడు. అది వయస్సు కాదు, నివాసకాలం. ఒక సోడియం అయాను సముద్రంలో సగటున ఆరేడు కోట్ల ఏళ్ళుంటుంది. కాల్షియం ఇంచుమించు పది లక్షల ఏళ్ళే ఉంటుంది. ఒకటి కాపురముండటానికి వచ్చినది, మరొకటి చుట్టపుచూపుగా వచ్చిపోయేది.

క్లోరిన్ సంగతి వేరే. శిలలను ఎంత కరిగించినా సముద్రంలో ఉన్నంత క్లోరిన్ రాదు. అది ఆదినుండీ భూగర్భంనుండి అగ్నిపర్వత వాయువులతో పాటు వెలువడినదని 1951లో అమెరికన్ భూగర్భశాస్త్రవేత్త విలియం రూబీ లెక్కకట్టి వాదించాడు. 1977లో గలాపగోస్ దీవుల దగ్గర సముద్రగర్భంలో వేడినీటి బుగ్గలు కనిపించాయి. పగుళ్ళలో దిగిన సముద్రజలం వేడి శిలలకు తన మెగ్నీషియాన్ని అప్పగించి, కాల్షియాన్ని తీసుకొని పైకి వస్తుంది. మన సమాధానంలో నదులున్నాయి, ఎండ ఉన్నది. ప్రాణులు లేవు, అగ్నిపర్వతాలు లేవు, సముద్రపు అడుగు లేదు.

హుమ్మాలోనైనా, నౌపడాలోనైనా, చినగంజాంలోనైనా, తూత్తుకుడిలోనైనా ఉప్పుమడి దగ్గర నిలబడితే ఈ చరిత్రంతా తిరగేసి చూడవచ్చు. మనవారు ఉప్పు తయారుచేస్తారనరు, పండిస్తారంటారు. తమిళులూ అలాగే అంటారు. ఆ పంటలో వరుస తప్పదు. 1849లో ఉసీలియో మధ్యధరా జలాన్ని ఎండబెడుతూ ఆ వరుసను కొలిచి చూపాడు. నీరు సగానికి తగ్గేసరికి సున్నపు పదార్థం విడిపోతుంది. అయిదోవంతుకు వస్తే జిప్సం, పదోవంతుకు వస్తే అసలు ఉప్పు. అందుకే ఉప్పురైతు నీటిని మడినుండి మడికి మారుస్తూ పోతాడు. జిప్సం ముందటి మళ్ళలోనే దిగిపోతుంది, కడపటి మళ్ళలో ఉప్పు పండుతుంది. తరువాత మిగిలే చేదునీటిని బయటికి వదిలేస్తాడు. వదలడం ఆలస్యమైతే మెగ్నీషియం లవణాలు ఉప్పుతో కలుస్తాయి. వానాకాలంలో మీ ఇంటి జాడీలో కల్లుప్పు చెమ్మగిల్లేది అందువల్లనే. ఉసీలియో పేరు వినని రైతు కూడా సాంద్రత చూసే మాపకం ముంచి, ఏ నీటిని ఎప్పుడు వదలాలో చెప్పగలడు.

చాలెంజర్ మన బంగాళాఖాతంలోకి రానేలేదు, దక్షిణాఫ్రికానుండి దక్షిణంగా మంచుసముద్రం వైపు సాగి ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయింది. 1950 దశకంలో అమెరికన్ శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి విద్యార్థులతో కలిసి మన తీరజలాలను శ్రద్ధగా కొలిచాడు. బంగాళాఖాతం ప్రత్యేకత దాని పైపొర చప్పదనం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి ఇందులోనే కలుస్తాయి. వర్షాకాలం తరువాత ఉత్తర భాగంలో పైనీటి లవణీయత 30 కంటే దిగిపోతుంది. ఆ నీరు ఎక్కడికి పోతుంది? తీరం వెంబడి దక్షిణానికి సాగుతుంది. ఈ సంగతిని స్పష్టంగా చూపిన పరిశోధన 2014లో వెలువడింది. దానికి ఆధారం తూర్పు తీరం పొడవునా మన మత్స్యకారులు క్రమం తప్పక పట్టి ఇచ్చిన సముద్రజలపు సీసాలు. వానాకాలం వెళ్ళాక సుమారు నూరు కిలోమీటర్ల వెడల్పున సముద్రంలోనే ఒక నది ఒడిశానుండి ఆంధ్ర తీరం మీదుగా తమిళనాడు వైపు ప్రవహిస్తుందని ఆ సీసాలు చెప్పాయి. ఫోర్క్‌హామర్ నౌకాధికారులను అడిగినట్టే ఇక్కడ పడవవారిని అడిగారు. ఆ నది ఒరుసుకుపోయే తీరంలోనే ఎన్నో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి.

ఇప్పుడు నేను ఈ పాఠాన్ని రెండు గిన్నెలతో మొదలుపెడుతున్నాను. ఒకదానిలో వంతెన ఎగువనుండి తెచ్చిన అయిదు లీటర్ల నదినీరు, మరొకదానిలో ఒక లీటరు సముద్రజలం. రెండూ మరిగి ఇంకేసరికి మధ్యాహ్నం అవుతుంది. నదిగిన్నె అడుగున పలుచని తెల్లని పొర మిగులుతుంది. దాని మీద నిమ్మరసం పిండితే సన్నగా బుస్సుమంటుంది. సముద్రపు గిన్నెలోది గుప్పెడు ఉంటుంది. నిమ్మరసానికి పెద్దగా చలించదు, నాలుకకు ఉప్పగా, వెనుక కొంచెం చేదుగా తగులుతుంది. తరువాత తాళం వేసిన అల్మారాలోనుండి సిల్వర్ నైట్రేటు సీసా బయటికి వస్తుంది. ధర ఎక్కువ కనుక ఒక్కొక్క గ్లాసుకు ఒక్కటే చుక్క. నదినీరు కొంచెం మసకబారుతుంది, సముద్రజలం విరిగిన పాలవలె గడ్డకడుతుంది.

కిందటిసారి ఒక అమ్మాయి మూడవ గ్లాసు తెచ్చింది. మా బడి బావి నీరు. చుక్క పడగానే అది నదినీటికన్నా బాగా తెల్లబడింది. కాచి చూస్తే గిన్నె అడుగు పొర నిమ్మరసానికి బుస్సుమని పొంగింది కూడా. "మన బావి నదివైపా, సముద్రంవైపా మాస్టారూ?" అని అడిగింది. నేను ఈసారి తొందరపడి ఏమీ చెప్పలేదు. ఆ బావి నీరు ఎప్పటినుండి ఉప్పబడిందో, ఏ నెలల్లో ఎక్కువగా ఉంటుందో ఇంట్లో పెద్దలను అడిగి వ్రాసుకురమ్మన్నాను. ఇప్పటికి పదకొండు ఇళ్ళనుండి కాగితాలు వచ్చాయి.